రిక్‌వీర్ కంటే ముందు బెన్‌వీర్ చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే బాసెల్‌లోని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "అమ్మా నాన్నా వచ్చారు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేలా ఏదైనా మంచి ఊరు చెప్పండి." ఉండేది స్విట్జర్లాండే అయినా మాకు ఫ్రాన్స్ సరిహద్దు ట్రామ్ ఎక్కి వెళ్ళేంత దూరం. రైలెక్కితే గంటలోపే కోల్మార్. అందుకని జవాబులన్నీ అల్సాస్ ప్రాంతం ఊళ్ళే: రిక్‌వీర్, ఎగిసైమ్, కైజర్స్‌బర్గ్. వెనకే ఫొటోలు. రంగురంగుల ఇళ్ళు, కిటికీల నిండా జెరేనియం పూలు, రాళ్ళు పరిచిన వీధి, వీధి చివర గోపురం. ఎవరు తీసినా అదే ఫొటో. నేనూ తీశాను. ఫ్రేము కట్టించి మా హాల్లో తగిలించాను కూడా.

ఈ మధ్య మాత్రం ఎవరడిగినా "బెన్‌వీర్" అని రాస్తున్నాను. ఒకాయన గూగుల్ మ్యాప్‌లో వెతికి, "అక్కడ ఏముంది బ్రదర్?" అన్నాడు. "ఏమీ లేదు, అందుకే" అన్నాను. నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, వాళ్ళ అమ్మానాన్నల్ని తీసుకుని రిక్‌వీర్ వెళ్ళాడు. వాట్సాప్‌లో ఇంతకన్నా వాదించలేం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది మే నెలలో మా అమ్మని రిక్‌వీర్ తీసుకెళ్ళాను. అమ్మది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. రోజూ కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి, కాబట్టి తిప్పడానికి భయం లేదు. పదకొండు గంటలకి ఊరి ద్వారంలో అడుగుపెట్టేసరికి టూరిస్టు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ఊరి జనాభా సుమారు వెయ్యి. ఆ రోజు ఆ ఒక్క వీధిలోనే అంతకు రెండింతల మంది ఉన్నారేమో. అమ్మ నాలుగు ఇళ్ళు చూసి, "రామోజీ ఫిలింసిటీలా ఉందిరా" అంది. పొగడ్తో వెక్కిరింతో తెలీలేదు. ఆవిడ మొహంలో ఎప్పుడూ తెలీదు.

కాస్త ముందుకెళ్ళాక ఒకమ్మాయి పళ్ళెంలో కొబ్బరి మాకరూన్ ముక్కలు పెట్టుకుని దారిన పోయేవాళ్ళకి రుచి చూపిస్తోంది. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని నా వైపు తిరిగింది. "కొబ్బరి లౌజు కదరా ఇది! వీళ్ళకి కొబ్బరికాయలు ఎక్కడివి?" ఎక్కడా లేవు. వోజ్ కొండల కింద ద్రాక్ష పండుతుంది గానీ కొబ్బరి పండదు. కోనసీమ నుంచి వచ్చిన మనిషికి అల్సాస్ స్పెషల్ అని కొబ్బరి లౌజు అమ్మే ఊరది. అమ్మ కొనలేదు. నేను డబ్బా కొన్నాను, ఆఫీసులో పంచడానికి.

నేను గొడవ పెట్టుకునేది రిక్‌వీర్‌తో కాదు. దాని గురించి అందరూ చెప్పే ఒక మాటతో: "కాలం ఆగిపోయిన ఊరు." ఏ కరపత్రం తీసినా, ఏ రీలు చూసినా ఈ మాట ఉండాల్సిందే. నా లెక్కలో ఇంతకన్నా తప్పు మాట లేదు. ఈ ఊళ్ళలో కాలం ఆగలేదు. ఊరిని మనుషులు పనిగట్టుకుని ఆపి ఉంచారు. అందుకు డబ్బు, చట్టం, పట్టుదల అన్నీ పెట్టారు. అన్నిటికీ మించి ఒక ఫిరంగిగుండు ఇటు కాక అటు పడింది.

ముందు కొంగల సంగతి. అల్సాస్ బొమ్మ ఏది గీసినా చర్చి కప్పు మీద తెల్లకొంగ గూడు ఉంటుంది. తరతరాలుగా అలాగే ఉందనుకుంటాం. 1970ల్లో అల్సాస్ మొత్తం మీద పది జంటల కొంగలు కూడా మిగల్లేదు. శీతాకాలానికి ఆఫ్రికా వెళ్ళినవి దారిలోనే చచ్చిపోయేవి. 1976లో రిక్‌వీర్ పక్కనే ఉన్న హునావీర్‌లో ఒక కేంద్రం పెట్టి, పిల్లకొంగల్ని మూడేళ్ళపాటు పంజరాల్లో ఉంచి పెంచారు. అన్నాళ్ళు ఎగరకుండా ఉంటే వలసపోవాలన్న కోరిక పోతుంది. అలా వలస మర్చిపోయిన కొంగలే తర్వాత ఊళ్ళ కప్పుల మీద గూళ్ళు కట్టాయి. ఇప్పుడు కొంగలు వందల జంటలున్నాయి. నేను తప్పు పట్టడం లేదు, మంచి పనే. కానీ గూడు చూసి "ఆహా, ప్రకృతి" అనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇళ్ళూ అంతే. ఓక్ దూలాలతో చట్రం బిగించి, మధ్య ఖాళీల్లో తడికలాంటిది అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తిన గోడలవి. మన పూరింటి గోడకి మేనమామ వరస. మేకులు లేకుండా చెక్క సీలలతో బిగిస్తారు కాబట్టి విప్పి, బండికెత్తి, ఇంకోచోట మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. అందుకే పాతరోజుల్లో ఇక్కడ ఇల్లు చరాస్తి కింద లెక్క. ఈ కథ చెబితే అమ్మ వెంటనే, "మా నాన్నగారి మండువా ఇంటి టేకు స్తంభాలూ అలాగే బండెక్కి పోయాయిరా, ఏ హోటల్లో నిలబెట్టారో" అంది. కాకపోతే ఇక్కడ ఉంగెర్స్‌హైమ్ అనే ఊళ్ళో 1984లో మ్యూజియం తెరిచి, ఎవరికీ అక్కర్లేని అలాంటి ఇళ్ళని డజన్ల కొద్దీ విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు.

ఇప్పుడు ఫొటోల్లో మనం మెచ్చుకునే ఆ కర్రల అల్లిక చాలా ఇళ్ళ మీద ఎన్నో ఏళ్ళు బయటికి కనపడలేదు. కర్ర బీదతనానికి గుర్తు, రాయి హోదాకి గుర్తు. పైగా నిప్పు భయం. అందుకని మీద గచ్చు పూసి దాచేశారు. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని చెక్కించి కర్ర బయటపెట్టారు. ఇళ్ళలో చాలామటుకు పదహారో శతాబ్దంలో వైన్ వ్యాపారం వెలిగిన రోజుల్లో కట్టినవి. తర్వాత, పదిహేడో శతాబ్దంలో, ముప్పై ఏళ్ళ యుద్ధం వచ్చి ప్రాంతాన్ని ఊడ్చేసింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత చాలామందికి లేకపోయింది. ఒకరకంగా ఆ లేమే ఇళ్ళని కాపాడింది. తర్వాత చట్టం వచ్చింది. 1943 నుంచి ఫ్రాన్స్‌లో రక్షిత కట్టడం ఏదైనా ఉంటే దాని చుట్టూ 500 మీటర్లలో కిటికీ మార్చాలన్నా, పెంకు మార్చాలన్నా, గోడకి రంగెయ్యాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్టు చూసి సరేననాలి. 1291లో కట్టిన డోల్డర్ గోపురం లాంటివి ఉన్న రిక్‌వీర్‌లో ఆ 500 మీటర్లలోకి రాని ఇల్లేదీ? మనవాళ్ళు "మన ఊళ్ళు ఇలా ఎందుకుండవురా" అని నిట్టూరుస్తుంటారు. సొంత ఇంటి తలుపు రంగుకి సర్కారు అనుమతి అడగడానికి మనలో ఎంతమంది సిద్ధమో చెప్పండి. నేనైతే కాదు.

దుకాణాల్లో డబ్బాల మీద, పళ్ళేల మీద కనిపించే ముద్దు బొమ్మలు ఉన్నాయే, నల్ల రిబ్బను తలకి కట్టుకున్న పిల్లలు, కొంగలు, అవి ఆన్సీ అనే కోల్మార్ చిత్రకారుడివి. రిక్‌వీర్‌లో ఆయన మ్యూజియం కూడా ఉంది. పిల్లల బొమ్మలేగా అనుకుంటాం. ఆయన వాటిని గీసిన రోజుల్లో అల్సాస్ జర్మనీ చేతిలో ఉండేది. జర్మన్లని వెక్కిరించే బొమ్మలు గీసినందుకు 1914లో లైప్‌సిగ్ కోర్టు ఆయనకి ఏడాది జైలు వేసింది. ఆయన ఫ్రాన్స్‌కి పారిపోయాడు. ఇవాళ ఆ బొమ్మలు బిస్కెట్ డబ్బాల మీదకి వచ్చి పడ్డాయి.

ఇంతవరకూ చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. ఇక నా తెలివితక్కువతనం.

ఆ రోజు ఆదివారం. తిరుగు బస్సు నాలుగింటికి అని నేను నోట్ చేసుకున్నది సోమవారం నుంచి శనివారం వరకు వర్తించే టైమ్‌టేబుల్. కింద చిన్న అక్షరాల్లో ఉన్న గుర్తు నేను చూడలేదు. అరగంట నిలబడ్డాక అర్థమైంది. అమ్మ టెన్షన్ పడలేదు, నేనే పడ్డాను. "కిందకి దారి కనపడుతోందిగా, నడుద్దాం పద" అంది. ద్రాక్షతోటల మధ్యనుంచి దిగాం. నిజం చెప్పాలంటే ఆ రోజు బాగున్నది అక్కణ్ణుంచే. ఎవరూ లేరు. వరసల మధ్య ఎర్రమట్టి, లేత ఆకులు, ఎక్కడో ఒక ట్రాక్టరు.

ముందు మిట్టెల్‌వీర్ వచ్చింది. రిక్‌వీర్‌కి కూతవేటు దూరం, కానీ వేరే దేశంలో దిగినట్టుంది. సాదా ఇళ్ళు, 1950ల నాటి గోడలు, వెడల్పు రోడ్డు. అక్కడ ఒక రాతిగోడ ఉంది. దాన్ని అమరపుష్పాల గోడ అంటారు. జర్మన్ ఆక్రమణ రోజుల్లో ఫ్రెంచి జెండా ఎగరెయ్యడం నేరం. ఊరివాళ్ళు ఆ గోడ మీద నీలం, తెలుపు, ఎరుపు పూలమొక్కలు నాటారు. పూలు పూస్తే జెండా అయింది. పొద్దున రిక్‌వీర్‌లో కిటికీలు చూసి అమ్మ, "ఇన్ని పూలు ఎవరికి పెడతారురా?" అని అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలీలేదు. ఇక్కడ గోడ కథ చదివి చెప్పాను. కాసేపు చూసి, చీర చెంగుతో మెడ తుడుచుకుని, "పద" అంది.

తర్వాత బెన్‌వీర్. చర్చి కొత్తది, యుద్ధం తర్వాత కట్టింది. సన్నటి గంట స్తంభం, సిమెంటు, లోపల రంగు గాజులు. వీధులు తిన్నగా ఉన్నాయి. గోపురం లేదు, మాకరూన్లు లేవు, ఫొటో తీసేవాళ్ళు లేరు. అమ్మ బల్ల మీద కూర్చుని అడిగింది: "ఇది మాత్రం ఇలా ఉందేంట్రా?"

1944 చివర్లో అమెరికా, ఫ్రెంచి సైన్యాలు వోజ్ కొండలు దాటి వచ్చాయి. జర్మన్లు కోల్మార్ చుట్టూ మొండిగా నిలబడ్డారు. 1945 ఫిబ్రవరి దాకా పోరు. ఆ గీత సరిగ్గా ఈ తోటల మీదుగా పోయింది. బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్‌షైమ్, అమ్మర్‌ష్వీర్ నేలమట్టమయ్యాయి. గుట్ట చాటున ఉన్న రిక్‌వీర్ బతికిపోయింది. 1944 నవంబరు దాకా ఇవన్నీ ఒకే పోలిక ఉన్న అక్కచెల్లెళ్ళు. అవే దూలాలు, అవే మట్టిగోడలు, అవే వైన్ నేలమాళిగలు. అమ్మర్‌ష్వీర్ వెళ్తే ఇప్పటికీ పాత టౌన్‌హాలు ముఖద్వారం వెనక ఏమీ లేకుండా మొండిగోడలా నిలబడి ఉంటుంది.

"ఎవరు పగలగొట్టారు?"

"ఇద్దరూనే అమ్మా. దాక్కున్నవాళ్ళని తరమడానికి వీళ్ళు, వచ్చేవాళ్ళని ఆపడానికి వాళ్ళు."

"మరి ఊరివాళ్ళు ఎవరి తరఫు?"

అది ఇక్కడ తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. 1871లో అల్సాస్ జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్ళీ జర్మనీకి, 1945లో మళ్ళీ ఫ్రాన్స్‌కి. ఊరు దాటకుండానే ఒక ముసలమ్మ నాలుగుసార్లు దేశం మారింది. కైజర్స్‌బర్గ్‌లో పుట్టిన ఆల్బర్ట్ ష్వైట్జర్ సంగతే చూడండి. 1875లో పుట్టాడు కాబట్టి జర్మన్ పౌరుడు. ఆఫ్రికాలో రోగులకి వైద్యం చేస్తుంటే, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచివాళ్ళు శత్రుదేశస్థుడని నిర్బంధించారు. 1952 నోబెల్ శాంతి బహుమతి నాటికి ఆయన ఫ్రెంచివాడు. ఇక రెండో యుద్ధంలో, 1942 నుంచి, అల్సాస్, మొసెల్ ప్రాంతాల మగపిల్లలని దాదాపు 1,30,000 మందిని జర్మన్ సైన్యంలోకి బలవంతాన లాక్కెళ్ళారు. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్ళ యుద్ధ స్మారకాల మీద "ఫ్రాన్స్ కోసం ప్రాణాలిచ్చినవారికి" అన్న ధోరణిలో రాసి ఉంటుంది. అల్సాస్ ఊళ్ళలో చాలాచోట్ల "మా మృతులకి" అని ఊరుకుంటారు. ఎవరి కోసమో రాయరు. ఆ రాతిమీద రాయకుండా వదిలిన ఆ రెండు ముక్కలు నాకు డోల్డర్ గోపురం కన్నా ఎక్కువ చెప్పాయి.

సరిహద్దు మారితే చట్టమూ మారుతుందని చెప్పడానికి నేను ఇంకో ఉదాహరణ ఇచ్చాను. 1905లో ఫ్రాన్స్ మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసింది. అప్పుడు అల్సాస్ జర్మనీలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. ఇక్కడి ఫాదర్లకీ పాస్టర్లకీ రబ్బీలకీ ప్రభుత్వమే జీతమిస్తుంది. గుడ్ ఫ్రైడే సెలవు కూడా అదనం. అమ్మ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఇందులో వింతేముందిరా? మా అమ్మమ్మ పెళ్ళి యానాంలో కాలేదూ!"

ఈ కథ నేను ముందెప్పుడూ వినలేదు. 1930 నుంచి బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది, బాల్యవివాహం నేరం. యానాం మాత్రం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం లేదు. అందుకని గోదావరి జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. కల్యాణపురం అని దానికి పేరే పడింది. మా ముత్తమ్మమ్మకి తొమ్మిదేళ్ళు. ఎదుర్లంక రేవులో పడవెక్కించి, గౌతమి దాటించి, తాళి కట్టించి, సాయంత్రానికి ఇంటికి తెచ్చేశారట. "నది దాటితే తప్పు కాదు, దాటకపోతే తప్పు" అంది అమ్మ. అల్సాస్ గురించి నేను నాలుగు పుస్తకాలు చదివి పట్టుకోలేనిది ఆవిడ బెన్‌వీర్ బల్ల మీద కూర్చుని పట్టేసింది.

రిక్‌వీర్‌లో ఇలాంటి మాట రాదా అంటే, వచ్చేదేమో. కానీ అక్కడ కూర్చోవడానికి చోటు లేదు, అడగడానికి ప్రశ్నా లేదు. అందమైన ఊరు ప్రశ్న పుట్టనివ్వదు. బాగుంది అనిపించి ముందుకు నడిపిస్తుంది. బెర్గ్‌హైమ్‌నే తీసుకోండి. 2022లో టీవీ ఓటింగులో ఫ్రెంచివాళ్ళు తమకి ఎక్కువ ఇష్టమైన ఊరుగా ఎన్నుకున్నారు. అల్సాస్‌కి అది నాలుగో గెలుపు. అంతకుముందు 2013లో ఎగిసైమ్, 2017లో కైజర్స్‌బర్గ్, 2020లో హున్స్‌పాక్. అదే బెర్గ్‌హైమ్‌లో పదహారు, పదిహేడు శతాబ్దాల్లో మంత్రగత్తెలని ముద్రవేసి నలభై మందికి పైగా స్త్రీలని చంపారు. దానికి ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం ఉంది. పూల ఫొటోలు పెట్టేవాళ్ళు అందులోకి వెళ్ళారో లేదో చెప్పరు.

మా ఆఫీసులో ఒక స్నేహితురాలు నా వాదన విని, "సెలవు రోజున కూడా మమ్మల్ని శ్మశానాలు తిప్పుతావా" అంది. న్యాయమైన మాటే. ఐదేళ్ళ పిల్లల్ని, మోకాళ్ళ నొప్పుల మామగారిని వేసుకుని వెళ్ళేవాళ్ళకి కావలసింది నీడ, ఐస్‌క్రీం, బాత్‌రూం. అవి రిక్‌వీర్‌లో ఉన్నాయి. ఆ టూరిస్టు డబ్బే ఆ దూలాలకి చెదపట్టకుండా చూస్తోంది, ఒప్పుకుంటాను. కానీ నష్టమూ ఉంది. ఇళ్ళు రోజు అద్దెల గదులవుతుంటే, కింద దుకాణాలు ఏడాది పొడుగునా క్రిస్మస్ బొమ్మలు అమ్ముతుంటే, అక్కడ ఉప్పూ పప్పూ కొనుక్కోవాల్సిన మనిషి ఎక్కడ ఉంటాడు? బెన్‌వీర్‌లో ఆ సాయంత్రం ఒకాయన తన గ్యారేజీ ముందు నీళ్ళగొట్టంతో ట్రాక్టరు చక్రాలు కడుగుతున్నాడు. రిక్‌వీర్‌లో నాకు కనపడిన పాత బండి చక్రం మీద పూలకుండీ ఉంది.

బెన్‌వీర్‌లో మిగిలినవాళ్ళు చేసింది కూడా చిన్న పని కాదు. ఇల్లూ పోయి, పీపాలూ పోయి, ఒక్కొక్కరుగా లేవలేమని తెలిసి, 1946లో రైతులంతా కలిసి వైన్ సహకార సంఘం పెట్టుకున్నారు. సిగోల్‌షైమ్‌లోనూ అంతే. 1953లో ఈ ఊళ్ళన్నిటినీ కలుపుతూ 170 కిలోమీటర్ల వైన్ దారి ప్రారంభించినప్పుడు, ఆ దారిలో సగం అందం, సగం సిమెంటు వాసన ఉండి ఉంటుంది. వాళ్ళు పాత ఇళ్ళకి నకళ్ళు కట్టలేదు. కొత్త ఇళ్ళు కట్టుకున్నారు, బాత్‌రూములతో సహా. దాన్ని మనం "చూడ్డానికి ఏమీ లేదు" అంటున్నాం.

ఆ రోజు చివరికి టాక్సీ పిలిచాను. కోల్మార్ స్టేషనుకి నలభై యూరోలు. అమ్మ రూపాయల్లోకి మార్చుకుని, "నాలుగు వేలా!" అని, స్టేషను వచ్చేదాకా మాట్లాడలేదు. కానీ తర్వాత ఆదివారం ఆవిడే, "ఆ కొండ మీది శ్మశానం చూపిస్తానన్నావుగా" అని అడిగింది. సిగోల్‌షైమ్ పైన, రక్తపు కొండ అనే గుట్ట మీద, అర్ధచంద్రాకారంలో పదిహేను వందలకు పైగా సమాధులున్నాయి. ఫ్రెంచి మొదటి సైన్యం తరఫున పోయినవాళ్ళు. వాటిలో వందలు ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం సైనికులవి. శిలువల పక్కనే వాళ్ళ రాళ్ళు వేరే ఆకారంలో ఉంటాయి. అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతూ, "మహమ్మద్... మహమ్మద్... ఇక్కడా మహమ్మద్" అంటూ వరస చివరిదాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి కింద లోయంతా కనపడుతుంది. ఏది పాత ఊరో ఏది కొత్త ఊరో పైకప్పుల రంగుని బట్టి తెలిసిపోతుంది.

కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో అడగబోయేవాళ్ళకి ముందే చెబుతున్నాను. పొద్దున సిగోల్‌షైమ్ గుట్ట ఎక్కండి. మధ్యాహ్నం బెన్‌వీర్, మిట్టెల్‌వీర్ మీదుగా తోటల్లో నడవండి. ఐదింటికి టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక రిక్‌వీర్‌లోకి అడుగుపెట్టండి. అప్పుడు వీధి ఖాళీగా ఉంటుంది, దూలాల మీద ఏటవాలు ఎండ పడుతుంది, ఫొటో కూడా నా దానికన్నా బాగా వస్తుంది. మాకరూన్లు అక్కర్లేదు. ఆదివారం వెళ్తే మాత్రం టాక్సీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ నలభై యూరోల సంగతి మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో ఎత్తుతూనే ఉంటుంది.